పిల్లలతో, పెద్దలతో సముద్రానికి: గుంటూరు, బెజవాడ వాళ్లు ఏ ఒడ్డుకి వెళ్తే మేలు?

గుంటూరులోనూ బెజవాడలోనూ సముద్రం లేదు. కానీ రెండూళ్ల నుంచీ తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ టైముకి అలల ముందు నిలబడొచ్చు. వెళ్దామని అనుకున్న మరుక్షణం ఇంట్లో చర్చ మొదలవుతుంది. పిల్లలు సూర్యలంక అంటారు. నాయనమ్మకి హంసలదీవి చూడాలని ఎప్పటి నుంచో కోరిక. బందరు వైపు వెళ్తే వచ్చేటప్పుడు లడ్డూలు తెచ్చుకోవచ్చని మామయ్య. కాలేజీ అమ్మాయికి వైజాగే కావాలి. అందరి మాటా న్యాయమే, అందుకే ఎటూ తేలదు.

నా లెక్క ఒక్కటే. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు, అందరికన్నా పెద్దవాళ్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎక్కడ సుఖంగా ఉండగలరో అదే మీరు వెళ్లాల్సిన చోటు. పొద్దున్న ఏ బీచ్ అయినా బాగుంటుంది, సాయంత్రం మరీ బాగుంటుంది. మధ్యలో ఆ మూడు గంటలే ట్రిప్పుని నిలబెడతాయి లేదా పాడు చేస్తాయి. నీళ్లు అన్ని చోట్లా బంగాళాఖాతానివే. తేడా అంతా ఒడ్డు మీద ఏముందన్న దాంట్లో ఉంది.

## ముందుగా చూసుకోవాల్సినవి

నీడ ఉందా? సరుగుడు చెట్లో, పార్కో, గుడి మండపమో, రూమో, ఏదో ఒకటి ఉండాలి. ఇసుక కాలితే పెద్దాళ్లు పది అడుగులు కూడా వేయలేరు.

ఒళ్లు కడుక్కోవడానికి మంచినీళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది, బాత్రూము ఉన్నాయా? ఈ ప్రశ్న మగవాళ్లు ప్లాన్ చేసే ట్రిప్పుల్లో చివరికి వస్తుంది. మొదట అడగాల్సింది ఇదే.

నీళ్లలో దిగని వాళ్లకి అక్కడ ఏముంది? మోకాళ్ల నొప్పులున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల చెప్పులకి కాపలా పెట్టడం ఆవిడ్ని ట్రిప్పుకి తీసుకెళ్లడం అనిపించుకోదు.

ఇక దూరం. రానూపోనూ ఆరు గంటలు దాటితే చంటిపిల్లలున్న ఇంటికి అది ఒక్కరోజు ప్రయాణం కాదు, రాత్రి బస చూసుకోవాల్సిందే.

వీటన్నిటికన్నా పైన ఉండేది నీళ్ల సంగతి. దాన్ని విడిగా చెప్పాలి.

## నీళ్ల గురించి నాలుగు మాటలు

మన తీరంలో ప్రతి ఏడూ ప్రాణాలు పోతున్నాయి. పోయేది ఎక్కువగా సముద్రం పక్కన పుట్టి పెరగని, మనలాంటి లోపలి ఊళ్ల వాళ్లే. కాలవలో ఈత నేర్చుకున్న ధైర్యం అలల్లో పనికిరాదు.

అలలు తెచ్చి పోసిన నీళ్లు ఎక్కడో ఒక చోట సందు చేసుకుని వెనక్కి పోవాలి కదా. ఆ సందులో అలలు విరగవు, నురుగు కనపడదు, రంగు కాస్త ముదురుగా ఉంటుంది. అటూ ఇటూ కన్నా అక్కడే ప్రశాంతంగా ఉన్నట్టు అనిపిస్తుంది. భయపడే వాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. లోపలికి లాగేది అక్కడే. లాగుడు తగిలితే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఎంత బలమున్నా అలిసిపోతారు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి, ఆ సందు దాటాక అలలే ఒడ్డుకి తోస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

ఆటుపోట్ల సంగతి కూడా. నీళ్లు వెనక్కి తీసే ఆటు సమయంలో లాగుడు పెరుగుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి ఆటుపోట్లు రెండూ ఎక్కువ. మనవాళ్లు సముద్ర స్నానానికి వెళ్లేది కూడా ఆ రోజుల్లోనే. స్నానం మానమని అనను. ఆ రోజు మోకాలి లోతు దాటకుండా, చెంబుతో పోసుకుంటే పుణ్యం ఏమీ తగ్గదు.

పిల్లల విషయంలో ఒకటే పద్ధతి: లోతు పిల్లాడి మోకాలికి కొలవాలి, మనది కాదు. పెద్దవాళ్లు పిల్లలకీ సముద్రానికీ మధ్యలో నిలబడాలి, వీపు అలల వైపు పెట్టకూడదు. ఫొటోలు తీసే మనిషి, కాపలా కాసే మనిషి ఒక్కరే కాకూడదు.

## సూర్యలంక

గుంటూరు వాళ్లకి ఇది సొంత సముద్రం లాంటిది. 2022లో బాపట్ల జిల్లా విడిగా ఏర్పడక ముందు కాగితాల మీద కూడా గుంటూరు జిల్లాదే. పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. గుంటూరు నుంచి గంటన్నర చాలు. బెజవాడ నుంచైతే రెండు రెండున్నర గంటలు. రైలు ఇష్టమైతే బెజవాడ–చెన్నై లైన్లో బాపట్లలో దిగి ఆటో ఎక్కొచ్చు. గుంటూరు వాళ్లకి రైలంటే చాలాసార్లు తెనాలిలో మారే పని పడుతుంది, బస్సే సుఖం.

ఒడ్డు వెడల్పుగా ఉంటుంది, ఇసుక శుభ్రమైన ఇసుక. పిల్లలు గూళ్లు కట్టుకోవడానికి, ఎండ్రకాయల వెంట పరుగులు తీయడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. వెనక సరుగుడు చెట్లున్నాయి. దుప్పటి పరుచుకుని అన్నాలు తినే వాళ్లంతా అక్కడే ఉంటారు. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఒడ్డునే ఉంది. చంటిపిల్ల తల్లి ఉన్న ఇంటికి నేనిచ్చే సలహా, రాత్రి ఉండకపోయినా సరే ఒక రూము తీసుకోండి. ఆ రూము ఖర్చు మధ్యాహ్నం మూడు గంటల్లో తీరిపోతుంది: పాపకి నిద్ర, తాతగారికి ఫ్యాను, అందరికీ ఉప్పు కడుక్కోవడానికి నీళ్లు.

ఇబ్బంది జనమే. ఆదివారం, అందులోనూ కార్తీకమాసంలో, కారు పెట్టడానికే అరగంట పడుతుంది. కుర్రాళ్ల గుంపులు లోతుకి వెళ్లడం, పోలీసుల విజిళ్లు, ఈ గోలలో చిన్నపిల్లల మీద కన్ను నిలపడం కష్టం. తుఫాను హెచ్చరికలున్నప్పుడు, ప్రమాదాలు జరిగినప్పుడు స్నానాలు ఆపేస్తారు. ఆపితే వాదించకండి. వీలైతే మామూలు రోజు వెళ్లండి, బీచ్ మొత్తం మీ ఒక్క ఇంటిదే అన్నట్టు ఉంటుంది.

పెద్దవాళ్ల కోసం బాపట్లలో భావనారాయణస్వామి గుడి ఉంది, ఊరికి ఆ పేరు వచ్చింది ఆయన వల్లే. పొన్నూరులో ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం దారిలోనే. వెళ్లేటప్పుడు గుడి, తర్వాత సముద్రం అనుకుంటే తడి బట్టలతో గుడి ముందు నిలబడే అవస్థ ఉండదు.

## మంగినపూడి

బెజవాడ వాళ్లకి దగ్గరి దారి ఇది. బందరు రోడ్డు పట్టుకుని డెబ్బై కిలోమీటర్లు వెళ్తే మచిలీపట్నం, అక్కడి నుంచి ఇంకో పది పన్నెండు. నెహ్రూ బస్టాండ్ నుంచి బందరుకి బస్సులకి లోటు లేదు.

ఇక్కడ ఒడ్డు వేరు. సూర్యలంకలా తెల్లటి ఇసుక కాదు, నల్లటి మెత్తని మన్ను కలిసి ఉంటుంది. కాలు పెడితే వేళ్ల మధ్య నుంచి బురద పైకి వస్తుంది. లేతరంగు బట్టలు వేసుకున్న పిల్లల తల్లికి ఇంటికెళ్లాక నానబెట్టే పని తప్పదు, అందుకని పాత ముదురు రంగు బట్టలే వేయండి. ఈ మన్ను నచ్చని వాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈత రాని కుటుంబాలకి మంగినపూడినే ముందు చెబుతాను. తీరం లోతు తక్కువగా చాలా దూరం సాగుతుంది, అలలు సౌమ్యంగా ఉంటాయి. అలా అని పోర్టు పనులు జరిగే వైపు, జనం లేని వైపు వెళ్లి దిగకండి.

నీళ్లలో దిగని వాళ్లకి ఈ ట్రిప్పులో చూడటానికి చాలా ఉంది. తీరం దగ్గరే దత్తరామేశ్వరం, పన్నెండు బావుల గుడి. సముద్ర స్నానం చేసి ఆ బావుల నీళ్లు పోసుకోవడం ఆనవాయితీ. ఊళ్లో చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం, ఆ పక్కనే రోల్డ్‌గోల్డు నగల దుకాణాలు. ఇంట్లో ఆడపడుచులుంటే అక్కడ రెండు గంటలు తేలిగ్గా గడిచిపోతాయి, ఆ రెండు గంటలూ మధ్యాహ్నం పెట్టుకోండి. బందరు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనేటప్పుడు ఒకటి చేత్తో చిదిమి చూడండి. నోట్లో వేసుకుంటే పలుకు తగలకుండా కరిగిపోవాలి, అంతవరకు శనగపిండిని తొక్కి తొక్కి చేస్తారు కాబట్టే దాన్ని తొక్కుడు లడ్డూ అన్నారు.

ఇబ్బంది నీడ. ఒడ్డు మీద ఎక్కువ లేదు. పొద్దున్న ఏడు నుంచి పది దాకా సముద్రం, తర్వాత ఊరు, ఇదే ఇక్కడ సరైన వరుస.

## వాడరేవు, రామాపురం

రెండూ చీరాల పక్కనే. వాడరేవు మత్స్యకారుల ఊరు. తెల్లారేసరికి పడవలు వస్తాయి, వలలు దులుపుతారు, అక్కడికక్కడే బేరాలు. పిల్లలకి చేప మార్కెట్ ప్యాకెట్లో పుట్టదని చూపించాలంటే ఇక్కడికి తీసుకురండి. నీచు వాసన పడని వాళ్లకి మాత్రం అరగంట కూడా కష్టం. వాళ్లు పని చేసుకునే ఒడ్డు అది, వలల మీద నడవకుండా, ఫొటోకి ముందు అడిగి తీయడం మర్యాద.

రామాపురం వైపు ప్రైవేటు రిసార్టులున్నాయి. స్విమ్మింగ్ పూల్, భోజనం, గది అన్నీ ఒకే చోట కావాలనుకునే వాళ్లకి, రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు ఇది బాగుంటుంది. డబ్బు ఎక్కువే అవుతుంది. పండగ రోజుల్లో ధరలు ఇంకా పెరుగుతాయి, ముందే ఫోన్ చేసి ఆ రేటులో భోజనం కలిసిందో లేదో అడగండి. అక్కడ సముద్రం మెత్తనిదని అనుకోవద్దు, పూల్ ఉన్నచోట పిల్లల్ని పూల్‌లోనే ఆడించండి.

చీరాలలో చేనేత చీరలు, వేటపాలెంలో జీడిపప్పు ఉండనే ఉన్నాయి. పుస్తకాలంటే ఇష్టమున్న తాతగారు ఇంట్లో ఉంటే వేటపాలెం సారస్వత నికేతనం తప్పకుండా చూపించండి. 1918లో మొదలైన గ్రంథాలయం, పాత పత్రికలు జాగ్రత్తగా దాచిన చోటు.

## హంసలదీవి

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. బెజవాడలో బ్యారేజీ దగ్గర రోజూ చూసే నది చివరికి ఏమవుతుందో పిల్లలకి చూపించాలంటే ఇంతకన్నా గొప్ప చోటు లేదు. బెజవాడ నుంచి కరకట్ట మీదుగా కానీ, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా కానీ అవనిగడ్డ చేరి, కోడూరు దాటి వెళ్లాలి. గుంటూరు వాళ్లకి బెజవాడ రానక్కర్లేదు, తెనాలి, రేపల్లె మీదుగా పెనుమూడి–పులిగడ్డ వంతెన దాటితే అవనిగడ్డే.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, హంసలదీవి వేణుగోపాలస్వామి, సాగర సంగమం, ఈ మూడూ కలిపితే పెద్దవాళ్లకి మనసు నిండిపోయే రోజు. కానీ స్నానాల సరదాకి మాత్రం ఇక్కడికి రాకండి. నది, సముద్రం కలిసే చోట నీటి ఉరవడి ఎటు తిరుగుతుందో చెప్పలేం. గుడి దగ్గర నుంచి సంగమం వైపు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంది, ఆ దారంతా ఎండ. దుకాణాలు తక్కువ. కృష్ణా అభయారణ్యం పక్కనే ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ప్లాస్టిక్ అస్సలు వదలకండి. చీకటి పడకముందే వెనక్కి తిరగాలి.

ఈ దివిసీమ 1977 నవంబరు 19 తుఫానుని చూసింది. మీ ఇంట్లో డెబ్బై దాటిన వాళ్లుంటే ఆ దారిలో వాళ్లని మాట్లాడనివ్వండి.

## వైజాగ్

ఒడ్డున పార్కు, పార్కు దాటితే బీచ్, ఈ రెండూ కలిసి ఉండాలంటే మాత్రం విశాఖ వెళ్లక తప్పదు. వీఎంఆర్‌డీఏ పార్కు, చాలామంది నోట్లో ఇంకా వుడా పార్కే, చెట్ల కింద కూర్చుని సముద్రపు గాలి పీల్చుకునే చోటు. నడవలేని వాళ్లకి, అలలంటే భయపడే పిల్లలకి ఇది సరిగ్గా సరిపోతుంది. తెన్నేటి పార్కులో సాయంత్రం, కైలాసగిరి మీద నుంచి తీరం మొత్తం చూడటం, ఇవన్నీ కాళ్లు తడవకుండానే సముద్రాన్ని ఇస్తాయి.

2002 నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం, 2017 నుంచి దాని ఎదురుగా టీయూ–142 విమానం ఉన్నాయి. పదేళ్ల పిల్లలకి ఇవి రెండూ బీచ్ కన్నా ఎక్కువ గుర్తుంటాయి. జలాంతర్గామి లోపల దారి ఇరుకు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి సందులోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని ఆ సమయంలో పార్కులో కూర్చోబెట్టండి. సోమవారం సెలవు, ప్లాన్ వేసేటప్పుడు చూసుకోండి.

ఆర్కే బీచ్ చూడటానికి, నడవడానికి. దిగడానికి కాదు, అక్కడ లోతు ఒక్కసారిగా వస్తుంది. స్నానాలు కావాలంటే రుషికొండ, అక్కడ కూడా కాపలా ఉన్న భాగంలోనే.

దూరం బెజవాడ నుంచి 350 కిలోమీటర్లు. కారులో పిల్లలతో అంత దూరం వద్దు, రైలే మేలు. వందే భారత్‌లో నాలుగు గంటలు. గుంటూరు నుంచి సింహాద్రి ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్తుంది. కనీసం రెండు రాత్రులు ఉండలేకపోతే వెళ్లడం దండగ.

## ఒకచోట పెట్టి చూస్తే

దూరాలు సుమారుగా వేసినవి.

| చోటు | గుంటూరు నుంచి | బెజవాడ నుంచి | పిల్లలతో నీళ్లలోకి | మధ్యాహ్నం ఎక్కడ? | పెద్దలకి |
|---|---|---|---|---|---|
| సూర్యలంక | 60 కి.మీ. | 90 కి.మీ. | ఒడ్డు దగ్గర, కాపలాతో | సరుగుడు నీడ, రిసార్ట్ రూము | భావనారాయణస్వామి, పొన్నూరు |
| మంగినపూడి | 115 కి.మీ. | 80 కి.మీ. | లోతు తక్కువ, బురద నేల | బందరు ఊళ్లో | పాండురంగడు, పన్నెండు బావులు |
| వాడరేవు–రామాపురం | 75 కి.మీ. | 110 కి.మీ. | పూల్ మేలు | రిసార్ట్ | చీరలు, గ్రంథాలయం |
| హంసలదీవి | 100 పైన | 100 కి.మీ. | వద్దు | గుడి, మోపిదేవి | మూడు క్షేత్రాల దర్శనం |
| విశాఖ | 380 కి.మీ. | 350 కి.మీ. | రుషికొండలో మాత్రమే | పార్కు, మ్యూజియం, హోటల్ | పార్కు, కైలాసగిరి |

## మీ ఇంటికి ఏది?

మూడేళ్ల లోపు పాప ఉంటే, మీరు గుంటూరు వాళ్లైతే, సూర్యలంకలో రూము తీసుకుని మామూలు రోజున వెళ్లండి. బెజవాడ వాళ్లైతే మంగినపూడి, పదింటికల్లా ఊళ్లోకి.

ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు, అందరూ గట్టిగా ఉన్న ఇల్లు అనుకోండి. సూర్యలంకకి తిరుగులేదు, బెజవాడ నుంచైనా సరే. అదనంగా పడే గంట ప్రయాణానికి ఆ ఇసుక విలువ ఉంది.

అమ్మానాన్నలకి డెబ్బై దాటి, ఆ ట్రిప్పు ముఖ్యంగా వాళ్ల కోసమే అయితే హంసలదీవి. పిల్లల ఆటకి వేరే రోజు చూసుకోండి. రెండూ ఒకే రోజు కుదించాలని చూస్తే ఇద్దరికీ తృప్తి ఉండదు.

ఇంట్లో ఒకరు వీల్‌చైర్ వాడుతుంటే ఇసుక బీచ్‌లన్నీ పక్కన పెట్టండి. చక్రం ఇసుకలో కూరుకుపోతుంది. వైజాగ్ బీచ్ రోడ్డు, పార్కు, లేదంటే మన బెజవాడ కృష్ణ ఒడ్డు. పున్నమి ఘాట్ దగ్గర బెర్మ్ పార్కులో నీళ్లని చూస్తూ సాయంత్రం గడపొచ్చు. నడవగలిగిన వాళ్లు పడవెక్కి భవానీ ద్వీపం వెళ్లొస్తారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో ఈ ఊరు మరచిపోలేదు. కృష్ణకి వరదొస్తే పడవలు ఆపేస్తారు, అప్పుడు వెళ్లకండి.

సెలవు ఒక్కరోజే దొరికి, అది ఆదివారమే అయితే? మంగినపూడి. సూర్యలంకకే వెళ్లాలని పట్టుబడితే ఆరింటికల్లా ఒడ్డున ఉండి, పదకొండింటికి బయటపడండి. సూర్యుడు సముద్రంలోంచి వచ్చేది మన తీరంలోనే కదా, తెల్లవారుజామున లేచినందుకు అది దక్కుతుంది.

## ఎప్పుడు, ఏం పట్టుకుని

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు తుఫానుల కాలం కూడా కాబట్టి వాతావరణ హెచ్చరిక చూసే బయల్దేరండి. మే నెలలో మధ్యాహ్నం సముద్రం దగ్గర చల్లగా ఉంటుందన్న నమ్మకంతో వెళ్లే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, గాలి తడిగా ఉండి చెమట ఆరదు, పిల్లలు నీరసిస్తారు. వేసవిలో వెళ్లాల్సి వస్తే సాయంత్రం నాలుగు తర్వాతే.

భోజనం ఇంటి నుంచి పట్టుకెళ్లేట్టైతే పులిహోర, చపాతీ మంచివి. పెరుగన్నం పిల్లల కోసమైతే పాలు ఎక్కువ పోసి తోడు తక్కువ వేయండి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. కాళ్లు కడుక్కోవడానికి ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఒకటి డిక్కీలో పెట్టుకుంటే కారు సీట్లు, పిల్లల తొడలు రెండూ బతుకుతాయి. ఉప్పు, ఇసుక రాసుకుని ఎర్రబడ్డ తొడలతో రెండు గంటలు కూర్చోవడం పిల్లలకి నరకం. కొబ్బరినూనె సీసా, పాత దుప్పటి, చెత్తకి ఒక సంచీ. పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో రాయండి, గుంపులో తప్పిపోతే ఆ పది అంకెలే దారి చూపిస్తాయి.

బయల్దేరే ముందు రోజు రాత్రి రిసార్ట్‌కో, అక్కడ తెలిసిన వాళ్లకో ఒక్క ఫోన్ చేసి స్నానాలకి వదులుతున్నారా అని అడగండి. లేదంటే వెంటనే రెండో చోటుకి మార్చుకోండి, పిల్లలకి ఆ రాత్రే చెప్పేయండి.